బాయిలో ఈతొచ్చు, మళ్ళీ స్కూబా నేర్చుకోవడం దేనికి?

వరంగల్ నుంచి సముద్రం తాడు లాగి కొలిచినా 250 కిలోమీటర్ల దూరం. అయినా స్కూబా డైవింగ్ గురించి అడిగేవాళ్ళు ఈ ఊళ్ళో బాగానే పెరిగారు. హైదరాబాద్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో దిగిపోతున్నారు మరి. ఆ ఊరి పేరు 2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురం. హేవ్‌లాక్ దీవి 2018 డిసెంబరులోనే స్వరాజ్ ద్వీప్ అయింది. టూర్ల వాళ్ళ నోట మాత్రం ఇంకా పాత పేర్లే. కొత్తగా పెళ్ళయిన జంటలు, ఎల్‌టీసీ మీద వెళ్ళే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పిల్లల సెలవుల కోసం ఏడాదంతా డబ్బు కూడబెట్టిన కుటుంబాలు ప్యాకేజీ కాగితం తెచ్చుకుంటారు. అందులో సెల్యులర్ జైలుకూ రాధానగర్ బీచ్‌కూ మధ్య ఎక్కడో ‘స్కూబా’ అని ఒక ముక్క ఉంటుంది. ప్రశ్నలన్నీ అక్కడే మొదలవుతాయి.

అడిగేవాళ్ళు రెండు రకాలు. "అన్నా, నాకు ఈతే రాదు, దిగొచ్చునా?" అనేవాళ్ళు ఒక రకం. "చిన్నప్పటి సంది బాయిల దుంకినోణ్ణి, నాకు కొత్తగ నేర్పేదేముంటది?" అనేవాళ్ళు రెండో రకం. మొదటివారికి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: సరదాకు చేసే ఒక్క డైవ్‌కు ఈత అక్కర్లేదు, దిగొచ్చు. ఓపిగ్గా చెప్పాల్సింది రెండోవారికి. ఈత రానివాడు భయంతోనే దిగుతాడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. చిక్కంతా ఈత బాగా వచ్చినవాడితోనే. ఎందుకో చూద్దాం.

నర్సంపేట, పరకాల దిక్కు పల్లెల్లో ఈత నేర్చుకోవడమంటే వ్యవసాయ బావే. నడుముకు బెండు కట్టుకునో, లారీ ట్యూబు వేసుకునో మొదలుపెడతారు. కొన్నాళ్ళకు అవి తీసేసి గడ్డ మీది నుంచి దుంకుతారు. చివరికి అడుగు దాకా మునిగి గుప్పెడు బురద తెచ్చి గట్టు మీద ఉన్నవాళ్ళకు చూపిస్తారు. బురద చూపిస్తేనే ఈత వచ్చినట్టు లెక్క. ఈ విద్య అంతా నడిచేది ఒక్క అలవాటు మీద. నిండుగా గాలి పీల్చుకుని బిగబట్టాలి, తల నీళ్ళ పైకి వచ్చేదాకా వదలకూడదు. స్కూబాలో మొదటిరోజు చెప్పే మొదటి నియమం దీనికి సరిగ్గా ఎదురు: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకు.

దీని వెనకున్నది ఇంటర్‌లో మార్కుల కోసం మనం బట్టీ పట్టిన బాయిల్ నియమమే. రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పాడు: పీడనం రెట్టింపైతే గాలి పరిమాణం సగమవుతుంది. నీళ్ళలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మన మీద మరో వాతావరణమంత పీడనం చేరుతుంది. ఒడ్డున ఒకటి, 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు, 30 దగ్గర నాలుగు.

ఇప్పుడు బావిలోకి వెళ్దాం. గట్టు మీద 4 లీటర్ల గాలి పీల్చుకుని 10 మీటర్ల లోతుకు మునిగారనుకోండి. అక్కడ ఆ గాలి 2 లీటర్లకు కుంచించుకుపోతుంది. పైకి వస్తుంటే మళ్ళీ పెరిగి 4 లీటర్లే అవుతుంది. ఎంత గాలి తీసుకెళ్ళారో అంతే తిరిగి తెచ్చారు, ఏ ప్రమాదమూ లేదు. అదే మనిషి సముద్రంలో 10 మీటర్ల లోతున, సిలిండర్ నుంచి 4 లీటర్ల గాలి పీల్చుకుని, అలవాటు కొద్దీ బిగబట్టి పైకి వస్తే? పైకి వచ్చేసరికి ఆ గాలికి 8 లీటర్ల చోటు కావాలి. ఊపిరితిత్తుల్లో అంత చోటు లేదు. పొర చిరుగుతుంది. గాలి బుడగలు రక్తనాళాల్లోకి దూరితే మెదడు దాకా వెళ్ళగలవు. ప్రాణం పోవచ్చు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. 30 మీటర్ల నుంచి 20కి వస్తే గాలి పెరిగేది మూడో వంతే. 10 నుంచి పైకి వస్తేనే అది రెట్టింపు. అంటే లోతు తక్కువున్న చోటే మార్పు ఎక్కువ. "లోతు ఎక్కువ లేదు కదా, ఏం కాదులే" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. మనిషి మునిగేంత లోతున్న ఈతకొలనులో కూడా ఇలాంటి గాయం జరగొచ్చు. అందుకే గాలి అందించే రెగ్యులేటర్‌ను నోట్లోంచి తీసి మళ్ళీ పెట్టుకునే అభ్యాసంలో, ఆ రెండు మూడు సెకన్లు కూడా పెదాల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూనే ఉండమంటారు. బావి ఈతగాళ్ళు తప్పేది సరిగ్గా ఇక్కడే. రెగ్యులేటర్ నోట్లోంచి జారిన మరుక్షణం బుగ్గలు బిగుసుకుపోతాయి, కళ్ళు పైకి చూస్తాయి, కాళ్ళు తన్నడం మొదలుపెడతాయి. ఏళ్ళ తరబడి ఒంటికి పట్టిన అలవాటు అది. ఒక్క పూటలో పోదు. కోర్సుకు మూడు నాలుగు రోజులు పట్టేది పుస్తకంలో పాఠం ఎక్కువుండి కాదు, ఈ అలవాటు వదిలించడానికి.

పిల్లలు తప్పకుండా వేసే ప్రశ్న ఒకటుంది. ఇన్ని తిప్పలెందుకు, పొడుగాటి పైపు నోట్లో పెట్టుకుని ఒక కొస నీళ్ళ పైన ఉంచితే సరిపోదా? సరిపోదు. మీటరు లోతులో మీ ఛాతీ మీద నీటి బరువు సుమారు ఒక క్వింటాలు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో రెండు మిర్చి బస్తాలు గుండె మీద పెట్టుకుని ఊపిరి పీల్చడం లాంటిది. పైపులో ఉండేదేమో ఒడ్డు మీది మామూలు పీడనం గాలి. లోపలి నుంచి ఎదురు తోపు లేకుండా పక్కటెముకలు ఆ బరువును ఎత్తలేవు. పైగా వదిలిన గాలే పైపులో తిరిగి తిరిగి లోపలికి వస్తుంటుంది. స్నార్కెల్ గొట్టం మూరెడు కూడా ఉండనిది అందుకే.

కాబట్టి లోతుకు తగ్గ పీడనంతో గాలిని నోటికి అందించాలి. మీరు 5 మీటర్ల దగ్గర ఉంటే 5 మీటర్లకు తగ్గట్టు, 15 దగ్గర ఉంటే 15కు తగ్గట్టు, అదీ మీరు పీల్చినప్పుడు మాత్రమే. ఈ పని చేసేదే రెగ్యులేటర్. దీన్ని 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి తయారు చేశారు. కూస్తో నౌకాదళ అధికారి, గాన్యాన్ ఇంజనీరు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసుతో నడుపుతున్న రోజులవి. ఇంజనుకు కావలసినంత గ్యాసు, కావలసినప్పుడు మాత్రమే అందించే చిన్న వాల్వు గాన్యాన్ చేతిలో ఉంది. దాన్నే మనిషి ఊపిరికి తగ్గట్టు మార్చారు. పేరంతా కూస్తోకు వచ్చింది. నన్నడిగితే సగం కన్నా ఎక్కువ గాన్యాన్‌కే చెందాలి.

సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు. మన పత్రికల్లో తరచుగా ‘ఆక్సిజన్ సిలిండర్లు కట్టుకుని’ అని వస్తుంటుంది. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. తేమ తీసేసి, వడగట్టి, సుమారు 200 బార్ల పీడనంతో కుక్కుతారు. నిజంగా స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపుకుని దిగితే 6 మీటర్లు దాటేసరికి అదే విషమై ఫిట్స్ తెప్పించగలదు. సాధారణంగా ఇచ్చే అల్యూమినియం సిలిండర్‌లో 11 లీటర్ల చోటుంటుంది. 200 బార్ల దగ్గర అందులో పట్టేది 2,200 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది ఒడ్డున 110 నిమిషాలు వస్తుంది, 10 మీటర్ల లోతున 55 నిమిషాలే. కొత్తవాళ్ళు కంగారులో దీనికి రెట్టింపు పీల్చేస్తారు. కొంత గాలి ఎప్పుడూ మిగిల్చి పైకి రావాలి కూడా. కొత్తవాళ్ళ డైవ్ అరగంటకు అటూ ఇటూగా ముగిసేది అందుకే, మోసం చేసి కాదు.

ఇక చెవులు. మొదటిసారి దిగినవాళ్ళలో మధ్యలోనే వెనక్కి వచ్చేసేవాళ్ళు చేపల భయంతో రారు, చెవి నొప్పితో వస్తారు. బావి అడుగుకు మునిగినప్పుడు చెవుల్లో పోటు వస్తుందని ఈత వచ్చిన ప్రతివాడికీ తెలుసు. అక్కడ పది సెకన్ల పని కాబట్టి ఓర్చుకుంటాం. ఇక్కడ ఓర్చుకోకూడదు. చెవి కర్ణభేరి వెనక చిన్న గాలి గది ఉంటుంది. దాని నుంచి గొంతు వెనక్కి సన్నటి గొట్టం ఒకటి వస్తుంది. అరకు ఘాట్ ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయి, ఆవలించగానే ‘టప్’మని తెరుచుకునేది ఆ గొట్టమే. నీళ్ళలోకి దిగేటప్పుడు అది తనంతట తాను తెరుచుకోదు, మనమే తెరవాలి. ముక్కు రెండు వేళ్ళతో మూసి, నోరు మూసి, మెల్లగా ముక్కులోకి ఊదాలి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల నాటి ఇటలీ వైద్యుడు వల్సాల్వా పేరు దీనికి స్థిరపడింది. కొందరికి ముక్కు మూసుకుని గుటక వేస్తే సరిపోతుంది.

ఎప్పుడు చేయాలన్నదే కీలకం. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. నీళ్ళలోకి తల మునగగానే ఒకసారి, ఆ తర్వాత ప్రతి అర మీటరుకూ ఒకసారి. ఆలస్యం చేస్తే బయటి పీడనానికి ఆ గొట్టం మూతి నొక్కుకుపోతుంది, అప్పుడు ఎంత ఊదినా తెరుచుకోదు. ఇంకా గట్టిగా ఊదితే లోపలి చెవి దెబ్బతినొచ్చు. మందు ఒక్కటే: ఒక మీటరు పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించడం. జలుబు చేసి ఉంటే ఆ రోజు దిగొద్దు. డబ్బు కట్టేశామని, జలుబు బిళ్ళ వేసుకుని దిగేవాళ్ళుంటారు. లోపలున్నప్పుడు మందు ప్రభావం తగ్గితే గాలి లోపలే చిక్కుకుని, పైకి వచ్చేటప్పుడు నొప్పి మొదలవుతుంది. కిందికి దిగకుండా ఉండొచ్చు గానీ పైకి రాకుండా ఉండలేం కదా!

ఈత కళ్ళద్దాలు ఎందుకు పనికిరావన్న సందేహానికీ జవాబు ఇందులోనే ఉంది. కళ్ళ ముందున్న గాలి కూడా లోతులో కుంచించుకుపోయి కళ్ళను లాగుతుంది. స్కూబా మాస్కులో ముక్కు కూడా లోపలే ఉంటుంది కాబట్టి ముక్కుతో కొంచెం గాలి వదిలి సరిచేసుకోవచ్చు. మాస్కులోకి నీళ్ళు వస్తే పై అంచు నుదుటికి నొక్కిపట్టి ముక్కుతో ఊదితే నీళ్ళు కింది నుంచి పోతాయి. మీసాలున్నవాళ్ళకు మాస్కు కొంచెం కారుతుంది. పై పెదవి దగ్గర అంచు సరిగ్గా అతకదు. మీసం మీద కొంచెం వాజిలిన్ రాసుకుని నడిపించేస్తారు. నగలు గదిలోనే పెట్టాలి. పుస్తెలతాడు తీయలేమంటే వెట్‌సూట్ లోపలికి వేసుకోవచ్చు, ఎవరూ కాదనరు.

సైగల్లో మన వాళ్ళు చేసే పొరపాటు ఒకటి ముందే చెప్పాలి. బొటనవేలు పైకెత్తితే మన దగ్గర ‘భేష్’ అని. నీళ్ళలో ‘పైకి పోదాం’ అని. చేపను చూసిన ఆనందంలో బొటనవేలు చూపిస్తే ఇన్‌స్ట్రక్టర్ నిజంగానే పైకి తీసుకెళ్ళిపోతాడు. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. చెవి నొప్పి అయితే అరచెయ్యి అటూ ఇటూ ఊపి చెవి చూపించాలి.

సరే, వెళ్ళినవాళ్ళు నిజంగా నేర్చుకుంటున్నారా? చాలామంది నేర్చుకోవడం లేదు. ప్యాకేజీలో ఉండేది ట్రై డైవ్. పావుగంట, అరగంట పాఠం చెబుతారు. ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ మీ సిలిండర్ పట్టుకుని తిప్పుతాడు. తేలడానికి, మునగడానికి వేసుకునే జాకెట్‌లో గాలి నింపడం, వదలడం, లోతు చూడడం, గాలి ముల్లు చూడడం అంతా అతనే. లోతు 12 మీటర్లు దాటకూడదు, సాధారణంగా అంత దాకా కూడా పోరు. ఇది చెడ్డదని అనను. భయం పోతుంది, వీడియో వస్తుంది, ఇంటికొచ్చి చూపించుకోవచ్చు. కానీ దీన్ని చూపించి "స్కూబా నేర్చుకున్నా" అనడం, వేరేవాళ్ళు నడిపిన కారులో పక్కన కూర్చుని డ్రైవింగ్ వచ్చిందనడమే.

నేర్చుకోవడమంటే ఓపెన్ వాటర్ కోర్సు. పాడీ, ఎస్‌ఎస్‌ఐ లాంటి అంతర్జాతీయ సంస్థల పద్ధతిలో నేర్పుతారు. పాడీ 1966లో అమెరికాలో పుట్టింది, ఎస్‌ఎస్‌ఐ 1970లో. కనీస వయసు పదేళ్ళు. పాఠాలు చదవాలి, పరీక్ష రాయాలి. ఈతకొలనులోనో ఒడ్డు దగ్గరి నిలకడ నీళ్ళలోనో మాస్కు తీసి పెట్టుకోవడం, తోటివారి గాలి పంచుకోవడం, బరువుల బెల్టు వదిలేయడం సాధన చేయాలి. తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు. అన్నీ పూర్తయితే పెద్దవాళ్ళకు 18 మీటర్ల దాకా తోడుతో దిగే అర్హత వస్తుంది. కార్డు ప్రపంచమంతా చెల్లుతుంది. ఈ కోర్సుకు మాత్రం ఈత రావాల్సిందే. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, వేగంతో పని లేదు. తర్వాత ఏ ఆధారమూ లేకుండా 10 నిమిషాలు తేలాలి. ట్రై డైవ్ ఖర్చు వేలల్లో పోతుంది, కోర్సుకు పదుల వేల లెక్క.

ఇదంతా సెలవుల్లోనే కుక్కితే ఏమవుతుంది? అండమాన్‌కు ఐదు రాత్రుల ప్యాకేజీ తీసుకున్నవాళ్ళకు వెళ్ళడం, రావడం, ఓడ ప్రయాణాలు పోగా చేతిలో మూడు రోజులు మిగులుతాయి. ఆ మూడు రోజులూ సాయంత్రం గదిలో కూర్చుని పాఠాలు చదువుతుంటే ఇంట్లోవాళ్ళు బీచ్‌లో ఒంటరిగా తిరుగుతుంటారు. సెలవూ చెడుతుంది, చదువూ చెడుతుంది. నా అభిప్రాయం స్పష్టం: సగం పని వరంగల్‌లోనే ముగించుకుని వెళ్ళాలి.

ముగించుకోవచ్చు కూడా. పాఠాలు ఇప్పుడు ఫోన్‌లోనే చదువుకోవచ్చు, పరీక్షా అందులోనే. కోర్సు ఎక్కడ చేయాలో నిర్ణయించుకుని అక్కడి వాళ్ళ ద్వారానే ముందు నమోదైతే చాలు. హనుమకొండలో ఈతకొలనులున్నాయి. నెలకు రుసుము కట్టి, ఆగకుండా 200 మీటర్లు వచ్చేదాకా ఈదండి. 25 మీటర్ల కొలనైతే ఎనిమిది పొడవులు. బావి ఈత వచ్చినవాళ్ళకు బలం ఉంటుంది గానీ ఆగకుండా ఈదే అలవాటు తక్కువ. బావిలో నాలుగు బారలు వేస్తే గోడే తగులుతుంది కదా! తేలడం అయితే సముద్రంలో ఇంకా సులువు, ఉప్పునీరు మంచినీటి కన్నా వందకు రెండున్నర పాళ్ళు బరువు. అందుకే కొలనులో మునిగినంత సులువుగా సముద్రంలో మునగలేరు, నడుముకు సీసపు బరువులు ఎక్కువ కట్టాల్సి వస్తుంది.

ఇంకో సాధన ఇంట్లో బకెట్‌తోనే అవుతుంది. ఒక స్నార్కెల్ గొట్టం కొనండి. మాస్కు పెట్టుకోకుండా గొట్టం ఒక్కటే నోట్లో పెట్టుకుని, ముఖం నీళ్ళలో ముంచి, నోటితో ఊపిరి పీల్చండి. మొదటిసారి ముక్కులోకి నీళ్ళు వచ్చి ఉక్కిరిబిక్కిరవుతారు. నోటితో పీలుస్తున్నప్పుడు ముక్కు కూడా పీల్చాలని చూడడమే కారణం. ముక్కును ఊరుకోబెట్టడం పట్టుబడేదాకా రోజూ కొంచెంసేపు చేయండి, పక్కన ఒకరుంటే మంచిది. మాస్కులో నీళ్ళు నింపి ఖాళీ చేసే అభ్యాసం దగ్గరే ఎక్కువమంది భయపడి కోర్సు మానేస్తారు. వరంగల్‌లో బకెట్‌తో ఆ భయం తీర్చుకున్నవాళ్ళకు సముద్రంలో ఒక రోజు మిగులుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి? తేట నీళ్ళు, పగడపు దిబ్బలు కావాలంటే అండమాన్. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నీళ్ళు వెచ్చగా ఉంటాయి. భాషకు బెంగ అక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. డబ్బూ సెలవూ తక్కువుంటే విశాఖ రుషికొండ ఉంది. సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. నీళ్ళు అండమాన్ అంత తేటగా ఉండవు, అది తెలిసే వెళ్ళాలి. రంగుల చేపలు చూడడానికి వెళ్ళేవాళ్ళకు రుషికొండ నిరాశ కలిగించొచ్చు. నేర్చుకోవడానికి మాత్రం తక్కువ కనబడే నీళ్ళే మంచి బడి అని నేనంటాను. అక్కడ స్థిమితంగా ఉండగలిగినవాడు ఎక్కడైనా ఉండగలడు.

విశాఖ వెళ్ళేవాళ్ళకు ఒక గట్టి హెచ్చరిక. పొద్దున రుషికొండలో డైవ్, మధ్యాహ్నం కారెక్కి అరకు. ఇది మనవాళ్ళకు చాలా ఇష్టమైన ప్రణాళిక, చాలా తప్పుడు ప్రణాళిక కూడా. లోతున పీడనంతో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరి ద్వారా పోతుంది. తొందరపడితే లోపలే బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పి నుంచి కాళ్ళు చచ్చుబడడం దాకా ఏదైనా రావొచ్చు. బ్రిటిష్ నౌకాదళం కోసం జాన్ స్కాట్ హాల్డేన్ మేకలను పీడన గదిలో పెట్టి పరీక్షలు చేసి 1908లో తొలి పట్టికలు ఇచ్చాడు. పైకి వచ్చే వేగం, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం లాంటి ఇప్పటి నియమాలకు మొదలు ఆ మేకలే. కానీ ఒడ్డుకు వచ్చాక కూడా ఒంట్లో కొంత నైట్రోజన్ మిగిలే ఉంటుంది. విమానంలో గాలి పీడనం తక్కువ, కొండ మీదా తక్కువే. 600 మీటర్లు దాటిన ఎత్తును డైవింగ్ వైద్యులు విమానంతో సమానంగానే లెక్కగడతారు. అరకు 900 మీటర్ల పైన. కాబట్టి అరకు ముందు చూసి, రుషికొండ తర్వాత పెట్టుకోండి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుకు రెండు మూడు చేసినా, వరసగా కొన్ని రోజులు చేసినా 18 గంటలు గడిచాకే విమానమైనా, కొండైనా.

డైవ్ దుకాణంలో ఒక ఆరోగ్య పత్రం ఇస్తారు. ఉబ్బసం, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్, ఊపిరితిత్తుల జబ్బులు, గర్భం వంటివి అందులో అడుగుతారు. ‘అవును’ అని రాస్తే డాక్టర్ సంతకం తెమ్మంటారని అందరూ వరసగా ‘లేదు’ కొట్టేస్తారు. ఈ పత్రం దుకాణం వాళ్ళ రక్షణ కోసమే అనుకుంటారు గానీ, నీళ్ళ కింద ఊపిరి ఆడనిది సంతకం పెట్టినవాడికే. ఉబ్బసం ఉన్నా, చెవిలో చీము కారిన చరిత్ర ఉన్నా బయల్దేరే ముందే ఇక్కడ డాక్టర్‌కు చూపించుకోండి. ఎంజీఎం ఆసుపత్రిలో చూపించినా సరే, మీకు తెలిసిన ఈఎన్‌టీ దగ్గరైనా సరే.

దుకాణం మంచిదో కాదో రంగుల బోర్డు చూసి చెప్పలేం. ఒక ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని దింపుతాడో అడగండి. ఈత రానివారికి ఒకరికి ఒకరు ఉండాల్సిందే. ఇన్‌స్ట్రక్టర్ కార్డు చూపించమనండి, మొహమాటం వద్దు. దిగే ముందు గాలి ముల్లు చూస్తూ రెగ్యులేటర్‌తో రెండు మూడుసార్లు గట్టిగా పీల్చండి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి లేస్తుంటే సిలిండర్ వాల్వు పూర్తిగా తెరవలేదని అర్థం. గాలికి నూనె వాసనో పొగ వాసనో వస్తే సిలిండర్ మార్చమనండి.

లోపల ఏం కనిపిస్తుందని అడిగేవాళ్ళకు చిన్న మాట. నీళ్ళలో అన్నీ ఉన్నదానికన్నా పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. అందుకే అందరూ చూసిన చేప మూరెడు ఎక్కువే. ఎరుపు ముందు మాయమవుతుంది, పది మీటర్ల దగ్గర ఎర్ర బట్ట మట్టి రంగులో ఉంటుంది. పగడాలను ముట్టుకోవద్దు, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కైనా బ్యాగులో వేసుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకూ వర్తిస్తుంది, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

సెలవు పెట్టే ముందు వరస ఇలా ఉంచుకోండి: ముందు డాక్టర్, తర్వాత ఈతకొలను, తర్వాత పాఠాలు, ఆ తర్వాతే టికెట్లు. టికెట్లు కొనేటప్పుడు తిరుగు విమానం చివరి డైవ్ జరిగిన మర్నాడు సాయంత్రానికి గానీ, ఆ పైరోజుకు గానీ పెట్టుకోండి. మర్నాడు పొద్దున్నే ఉన్న చౌక టికెట్ జోలికి మాత్రం వెళ్ళకండి.